హైదరాబాద్ నుంచి వైజాగ్‌కు ఎలక్ట్రిక్ కారు: ఎక్కడ ఆగాలి, ఎంత ఖర్చవుతుంది, ఏది మొరాయిస్తుంది

ఎలక్ట్రిక్ కారులో హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లొచ్చా? నిక్షేపంగా వెళ్లొచ్చు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారైతే దారిలో మూడుసార్లు ఛార్జింగ్‌కు ఆగాలి. పెట్రోలు కారు కన్నా గంట, గంటన్నర ఎక్కువ పడుతుంది. కరెంటు ఖర్చు ఒకవైపుకు దాదాపు రెండు వేలు. అయితే ముందు రోజు రాత్రి కాగితం మీద కాస్త లెక్క వేసుకుంటేనే ఈ అంకెలు నిజమవుతాయి. ఆ లెక్క ఎలా వేయాలో, ఛార్జర్ దగ్గర ఏమేం ఇబ్బంది పెడతాయో కింద వివరంగా ఉంది. ఉదాహరణకు తీసుకున్నది టాటా నెక్సాన్ ఈవీ 45 లాంటి కారు. మీది వేరే కారైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

మీ కారు వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు తాగుతుంది?

షోరూంలో చెప్పే 489 కిలోమీటర్ల రేంజిని హైవే ప్రయాణానికి అసలు లెక్కలోకే తీసుకోవద్దు. అది నిర్ణీత పరీక్షలో, తక్కువ వేగాల మీద వచ్చిన అంకె. హైవే మీద గాలిని చీల్చుకుని పోవడానికే బ్యాటరీలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఖర్చు చాలా త్వరగా పెరుగుతుంది. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో ఈ సైజు కారు వంద కిలోమీటర్లకు తీసుకునే కరెంటు సుమారుగా ఇలా ఉంటుంది: 80 వేగంలో 14 యూనిట్లు, 90లో 15.5, 100లో 17, 110లో 19 దాటుతుంది. పైన క్యారియర్ బిగించి సామాను కడితే ఇంకో యూనిటో రెండో కలపండి. ఎదురుగాలి, జోరువాన కూడా అలాగే తింటాయి.

మీ కారు అసలు అంకె తెలుసుకోవడం తేలిక. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఔటర్ రింగ్ రోడ్డు మీద 90 వేగంతో ఒక 50 కిలోమీటర్లు నడపండి. తెర మీద కనిపించే సగటే మీ అంకె. ఊళ్లో ఆఫీసుకు వెళ్లొచ్చే సగటు దీనికి పనికిరాదు, ఎందుకంటే ట్రాఫిక్‌లో బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి వస్తుంది. హైవే మీద ఆ అవకాశం తక్కువ.

ఇప్పుడు 45 యూనిట్లను 15.5తో భాగిస్తే 290 కిలోమీటర్లు. అందులోనూ 15 శాతం ముట్టుకోకూడదు. అంటే నిండు బ్యాటరీతో బయల్దేరితే ఆగాల్సిన దూరం 245 కిలోమీటర్లు. దారి మధ్యలో 85 శాతం నింపుకుని బయల్దేరితే 200. ఆ 15 శాతం ఎందుకంటే, మీరు నమ్ముకున్న ఛార్జర్ పనిచేయకపోతే దాని తర్వాతి ఛార్జర్ దాకా వెళ్లడానికి. అందులో 43 కిలోమీటర్లు ఉంటాయి. కాబట్టి ఆగే చోటు ఎంచుకునేటప్పుడు, దానికి 30 కిలోమీటర్ల లోపు ఇంకొకటి ఉందో లేదో చూసుకోవాలి.

2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ లాంటి 30.2 యూనిట్ల కారైతే 85 నుంచి 15 శాతానికి 140 కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. వెళ్లలేమని కాదు, నాలుగైదుసార్లు ఆగాలి. పిల్లలతో అయితే రాజమండ్రిలో రాత్రి ఆగి రెండు రోజుల్లో వెళ్లడమే సుఖం.

దారి, ఆగే చోట్లు

ఎల్బీనగర్ నుంచి విజయవాడ మీదుగా వైజాగ్ దాదాపు 620 కిలోమీటర్లు. విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి 16వ నంబరు.

ముందు రోజు రాత్రి ఇంట్లో వంద శాతం పెట్టండి. టాటా కార్లలో ఉండే ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీకి నిండుగా పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. ఈ బ్యాటరీలో ఛార్జింగ్ సగంలో ఉన్నా ముప్పావులో ఉన్నా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే కారుకు అసలు శాతం సరిగ్గా తెలియదు. అప్పుడప్పుడు వంద దాకా పెడితేనే దాని లెక్క సరిపడుతుంది. నెలల తరబడి 80 దగ్గరే ఆపేసిన కారు 20 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా 10కి పడిపోవడానికి కారణం ఇదే. హైవే మీద ఆ అనుభవం ఎవరికీ వద్దు.

మొదటి మజిలీ కోదాడ, దాదాపు 178 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఎనిమిదింటి లోపు టిఫిన్ వేళకు చేరతారు. 90 వేగంలో వస్తే 39 శాతం మిగులుతుంది, వందలో వచ్చినా 33 ఉంటుంది. మొత్తం దారిలో కాస్త ధైర్యంగా నడపగలిగేది ఈ ఒక్క మజిలీలోనే. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు వేగపరిమితి కూడా వందే. కోదాడలో 85 దాకా పెట్టండి. ఎక్కేది సుమారు 21 యూనిట్లు. 60 కిలోవాట్ల మెషీన్ మీద అరగంట పైచిలుకు.

రెండోది ఏలూరు, కోదాడ నుంచి 155 కిలోమీటర్లు. విజయవాడ ట్రాఫిక్ దాటాక 32 శాతంతో చేరతారు. మళ్లీ 85 దాకా పెడితే 24 యూనిట్లు, 40 నుంచి 45 నిమిషాలు. భోజనం ఇక్కడే ముగించండి. విజయవాడ ఊళ్లోకి వెళ్లి ఛార్జింగ్ పెట్టాలనే ఆలోచన మానుకోవడం మేలు. లోపలికి వెళ్లి బయటపడేసరికే అరగంట పోతుంది.

మూడోది అన్నవరం, ఏలూరు నుంచి 170. చేరేసరికి 26 శాతం. వైజాగ్ ఇక 120 కిలోమీటర్లే కాబట్టి 60 శాతం చాలు. 15 యూనిట్లు, పాతిక నిమిషాలు. వైజాగ్‌లో దిగేసరికి 19 శాతం ఉంటుంది. చాలామంది ఇక్కడ పొరపడి 90 దాకా పెట్టి గంట పోగొట్టుకుంటారు. 80 దాటాక కారు కరెంటు తీసుకునే వేగం బాగా తగ్గిపోతుంది. ఆఖరి 20 శాతానికి పట్టే సమయంలో 20 నుంచి 70 దాకా ఎక్కించుకోవచ్చు. ఎలక్ట్రిక్ కారుతో ఎక్కువసార్లు ఆగి, ప్రతిసారీ కొంచెం కొంచెం పెట్టుకునేవాళ్లే త్వరగా చేరతారు.

ఛార్జర్ ఎంపిక

మన కార్లకు ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్గు సీసీఎస్-2. యాప్‌లో ఫిల్టర్ పెట్టి అదొక్కటే చూడండి. పాత భారత్ డీసీ మెషీన్లు, ఆటోలకు, స్కూటర్లకు పెట్టిన సాకెట్లు కూడా అదే మ్యాపులో పచ్చగా కనిపిస్తాయి, అవి మీకు పనికిరావు.

ఇక కిలోవాట్లు. 30 కిలోవాట్ల మెషీన్ గంటకు 30 యూనిట్లకు మించి ఇవ్వలేదు. 60 అని రాసి ఉన్నవాటిలో చాలావరకు రెండు గన్నులవి (గన్ అంటే కారుకు తగిలించే కేబుల్ చివరి ప్లగ్గు). ఒక్క కారు ఉంటే 60, పక్కన ఇంకో కారు తగిలిస్తే ఇద్దరికీ చెరో 30. మీరు వెళ్లేసరికి ఒక కారు ఉందంటే మీ 40 నిమిషాల లెక్క గంటకు పైగా అవుతుంది. అలాంటప్పుడు ముందున్నవాళ్లకు ఇంకెంత కావాలో అడగండి. పది నిమిషాల్లో పోతామంటే ఆగండి, అరగంట అంటే మీ కారులో మిగిలిన ఛార్జింగ్ చూసుకుని తర్వాతి స్టేషన్‌కు బయల్దేరండి. దీనికి విరుగుడు 120 కిలోవాట్లు, ఆపైన ఉన్న మెషీన్లు. మీ కారు 60కి మించి తీసుకోకపోయినా, పక్కన ఇంకొకరు తగిలించినప్పుడు మీ వాటా తగ్గదు.

టాటా పవర్, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియో-బీపీ, పెట్రోలు కంపెనీల స్టేషన్లు, ఇలా దేని యాప్ దానిదే, దేని వాలెట్ దానిదే. కనీసం నాలుగు యాప్‌లు ఇంట్లో వైఫై ఉండగానే దించుకుని, ఫోన్ నంబరుతో నమోదు చేసి, ఒక్కోదానిలో మూడు నాలుగు వందలు వేసి ఉంచండి. హైవే పక్కన సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట ఓటీపీ కోసం ఎదురుచూడటం చాలా విసుగు పుట్టిస్తుంది. ఇద్దరి ఫోన్లలో వేర్వేరు కంపెనీల సిమ్ములుంటే ఇంకా మంచిది.

స్టేషన్ బతికుందా లేదా అనేదానికి యాప్‌లో పచ్చగుర్తు ఒక్కటే సాక్ష్యం కాదు. ప్లగ్‌షేర్ అనే యాప్‌లో ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జింగ్ పెట్టారో చూడండి. నిన్నో మొన్నో ఎవరైనా పెట్టుకుని ఉంటే నమ్మొచ్చు. నెల రోజులుగా ఎవరూ రాయలేదంటే బయల్దేరేముందు అక్కడి హోటలుకో బంకుకో ఫోన్ చేసి అడగండి. కరెంటు పోతే జనరేటర్ మీద ఛార్జర్ నడవదు, ఆ సంగతీ అప్పుడే కనుక్కోండి.

గన్ తగిలించాక

కారు పార్కింగులో పెట్టి, పూర్తిగా ఆపి, తలుపులు లాక్ చేయకుండా ఉంచండి. గన్ తగిలించాక మెషీన్, కారు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అరనిమిషం దాకా పడుతుంది. లోపల లాక్ పడిన టక్కుమనే శబ్దం వినిపించాలి. వినిపించలేదంటే చాలాసార్లు తప్పు గన్ బరువుదే. లావుపాటి కేబుల్ కిందికి లాగుతుంటే గన్ కాస్త వాలి, పిన్నులు సరిగ్గా తగలవు. ఛార్జింగ్ మొదలయ్యేదాకా గన్‌ను అరచేత్తో కింద నుంచి పైకెత్తి, లోపలికి నొక్కి పట్టుకోండి. సగం వైఫల్యాలు ఈ చిన్న పనితో సర్దుకుంటాయి.

అయినా మొదలవకపోతే ఈ వరుసలో చూడండి. మొదట మెషీన్ మీద ఎర్రటి అత్యవసర బటన్ నొక్కి ఉందేమో చూడండి, ఎవరో ఆకతాయి నొక్కి పోతుంటారు. దాన్ని సవ్యదిశలో తిప్పితే బయటికొస్తుంది. ఆ తర్వాత గన్ తీసి, కారు లాక్ చేసి, రెండు నిమిషాలాగి మళ్లీ తెరిచి పెట్టండి. కాకపోతే రెండో గన్. అదీ కాకపోతే మెషీన్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే వాళ్లు దూరం నుంచే రీస్టార్ట్ చేస్తారు, ఐదు నిమిషాలు పడుతుంది. ఇన్సులేషన్ లేదా ఎర్త్ ఫాల్ట్ అని తెర మీద వస్తే మాత్రం అక్కడ పట్టుదల వద్దు. వాన తర్వాత గన్‌లో తేమ చేరినా అలా వస్తుంది, పొడిగుడ్డతో తుడిచి ఒక్కసారి ప్రయత్నించండి, మళ్లీ అదే వస్తే తర్వాతి స్టేషన్‌కు వెళ్లిపోండి.

ముగిశాక గన్ రాకపోతే బలంగా గుంజొద్దు. ముందు యాప్‌లో సెషన్ ఆపాలి, తర్వాత తాళంతో కారు అన్‌లాక్ చేయాలి, అప్పుడు లాగాలి. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో ఛార్జింగ్ పోర్టు దగ్గరో, బానెట్ కిందో చేత్తో లాగే తీగ ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో యజమాని పుస్తకంలో ఇంటి దగ్గరే చూసి పెట్టుకోండి.

ఛార్జింగ్ మొదలయ్యాక ఐదు నిమిషాలు అక్కడే ఉండండి. తెర మీద 25 కిలోవాట్లకు పైన నిలకడగా ఉందంటే నిశ్చింతగా టిఫిన్‌కు వెళ్లొచ్చు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలు నడిపి వచ్చిన కారు బ్యాటరీ వేడెక్కి, ఛార్జింగ్ వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. అది లోపం కాదు. ఎండాకాలం తెల్లవారుజామునే బయల్దేరమనడానికి ఇదీ ఒక కారణం.

వైజాగ్‌లో రాత్రి ఛార్జింగ్

చుట్టాలింట్లో దిగితే కారుతో వచ్చిన 15 ఆంపియర్ల ఛార్జర్ మీ డబ్బు మిగిల్చే సాధనం. గంటకు రెండున్నర యూనిట్ల చొప్పున పది గంటల్లో 50 శాతం పైనే ఎక్కుతుంది. రెండు రాత్రుల్లో నిండుతుంది.

అక్కడ ఎదురయ్యే చిక్కు ఎర్తింగ్. పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది, ఛార్జర్ ఎర్ర లైటు చూపించి మొండికేస్తుంది. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌తో కలిపేసి మభ్యపెట్టే చిట్కా ఎవరైనా చెబితే వినొద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు రేకంతా షాక్ కొడుతుంది. గీజర్ లేదా ఏసీ సాకెట్‌కు విడిగా వైరు, ఎర్తింగ్ ఉండే అవకాశం ఎక్కువ, అక్కడ చూడండి. ఎక్స్‌టెన్షన్ కావాలంటే ఇంట్లోంచే తెచ్చుకోవాలి: 4 చదరపు మిల్లీమీటర్ల మూడు పోగుల రాగి వైరు, రెండు కొసలా 16 ఆంపియర్ల నాణ్యమైన ప్లగ్గు, సాకెట్. వైరును చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి పరచాలి. టీవీకి వాడే బోర్డు పెట్టెలు గంటల తరబడి ఆ లోడును తట్టుకోలేవు, ప్లాస్టిక్ కరుగుతుంది. అరగంట తర్వాత ప్లగ్గు పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేయండి.

ఖర్చు

హైవే మీద ఫాస్ట్ ఛార్జింగ్ యూనిట్ 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటోంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కొన్ని యాప్‌లు జీఎస్టీ కలిపి చూపిస్తాయి, కొన్ని బిల్లులో కలుపుతాయి. 21 రూపాయలు అనుకుంటే చివరికి పడేది 24.80.

పై ప్రయాణంలో దారిలో బ్యాటరీలోకి ఎక్కింది 60 యూనిట్లు. వేడికి పోయేది కలిపి 63కి బిల్లు వేసుకోండి. అంటే దాదాపు 1,560 రూపాయలు. ఇంట్లో పెట్టుకుని దారిలో వాడింది 36 యూనిట్ల పైన, మీటరు మీద 41. ఇంటి వాడకం నెలకు 400 యూనిట్లు దాటితే తెలంగాణలో ఆపై యూనిట్ 9.50, ఆంధ్రప్రదేశ్‌లో 9.75. కారు ఛార్జింగ్ ఎప్పుడూ ఆ పై స్లాబులోనే పడుతుందనుకోవడం సరైన లెక్క. 41 యూనిట్లకు 390. మొత్తం 1,950 రూపాయలు, కిలోమీటరుకు మూడు రూపాయల పైన. రూపాయికి కిలోమీటరు అనే మాట ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుని ఊళ్లో తిరిగేవాళ్లకే కాస్త దగ్గరగా ఉంటుంది, హైవేకు కాదు.

ఇదే దూరానికి లీటరుకు 15 ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 108 చొప్పున 4,500 అవుతుంది. 18 ఇచ్చే డీజిల్ కారుకు, లీటరు 96 చొప్పున 3,300. డీజిల్‌తో పోలిస్తే మిగిలేది 1,350 మాత్రమే. మొత్తం దారి ఫాస్ట్ ఛార్జర్ల మీదే నడిపితే మీ ఖర్చు 2,500కు పెరిగి, ఆ మిగులు 800కు పడిపోతుంది. హైవే ప్రయాణాల కోసమే ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవాళ్లు ఈ అంకె చూసి నిర్ణయించుకోవాలి. రోజువారీ వాడకం ఊళ్లో ఎక్కువగా ఉండి, ఏడాదికి నాలుగైదుసార్లు ఊరెళ్లేవాళ్లకైతే లాభం గట్టిగా ఉంటుంది. చుట్టాలింట్లో రాత్రిపూట పెట్టుకున్న కరెంటు నాలుగు వందలు దాకా అవుతుంది, బయల్దేరేటప్పుడు ఆ డబ్బు వాళ్ల చేతిలో పెట్టి రండి.

టోల్‌లో మినహాయింపు ఏమీ లేదు, పంతంగి నుంచి మొదలుపెట్టి అందరితో పాటే కట్టాలి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత ఎలక్ట్రిక్ కార్లకూ వర్తిస్తుంది. 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

పండగలు, వరదలు, ఘాట్లు

సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు ఈ దారిలో ఛార్జింగ్ లెక్కలేవీ నిలవవు. ప్రతి గన్ దగ్గరా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వెళ్లక తప్పదంటే రాత్రి పదకొండు తర్వాత బయల్దేరి, ఊళ్ల మధ్య పెద్ద హోటళ్లను వదిలి బంకుల్లోని మెషీన్లు చూసుకోండి. 40 శాతం దగ్గరే ఖాళీ గన్ కనిపిస్తే వదులుకోవద్దు.

భారీ వర్షాల్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీరు హైవే మీదికి వస్తుంది. 2023 జులైలో, 2024 సెప్టెంబరులో రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు వాహనాలను నార్కట్‌పల్లి నుంచి అద్దంకి దారికి మళ్లిస్తారు. వర్షాకాలంలో వార్త వినగానే నార్కట్‌పల్లి, సూర్యాపేట దగ్గరే బ్యాటరీ నింపుకుని, మిర్యాలగూడ వైపు ఛార్జర్లు యాప్‌లో చూసుకున్నాకే కదలండి.

వైజాగ్ నుంచి అరకు వెళ్లేవాళ్లకు ఒక లెక్క. మనుషులతో కలిపి 1,800 కిలోల కారును వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికే దాదాపు ఐదు యూనిట్లు కావాలి. అంటే మామూలు దూరం లెక్క మీద ఇంకో 11, 12 శాతం కలపాలి. దిగేటప్పుడు అందులో సగానికి పైగా వెనక్కి వస్తుంది. కానీ అరకులో రాత్రంతా పెట్టి వంద శాతంతో దిగితే, వచ్చే కరెంటుకు బ్యాటరీలో చోటుండదు. కారు రీజెన్ (బ్రేకు వేసినప్పుడు కరెంటును వెనక్కి తీసుకోవడం) ఆపేస్తుంది, అనంతగిరి ఘాట్ మొత్తం మామూలు బ్రేకుల మీదే దిగాల్సి వస్తుంది, అవి వేడెక్కుతాయి. పైన 85 దగ్గరే ఆపండి.

బయల్దేరే ముందు టైర్లలో గాలి డ్రైవరు తలుపు పక్కన రాసిన ఫుల్ లోడ్ అంకెకు పెట్టించండి. కొన్ని కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్, గాలి పంపు ఉన్నాయో లేదో చూడండి. అన్నీ చూసుకున్నా ఛార్జింగ్ అయిపోయి దారిలో ఆగిపోతే, తాడు కట్టి ఇంకో బండితో లాగించొద్దు. చక్రాలు తిరుగుతుంటే మోటారు కరెంటు పుట్టించి లోపలి భాగాలను పాడు చేయవచ్చు. కంపెనీ రోడ్‌సైడ్ నంబరుకు ఫోన్ చేసి, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీనే పంపమని స్పష్టంగా చెప్పండి. మామూలు క్రేన్ వస్తే ఎక్కించనివ్వకండి.